తడబడే అడుగులు

వయసు మీదపడినవారు ఇంట్లో పడిపోయినప్పుడు చుట్టుపక్కల వినిపించే మాటలు సాధారణంగా రెండు. ఒకటి 'కాలు జారింది' అనేది, రెండవది 'ఏదో గ్రహచారం' అనేది. మొదటి మాట జరిగినదానిని చెబుతుందే గాని ఎందుకు జరిగిందో చెప్పదు. రెండవ మాట ఆ ప్రశ్నను అడగనే అడగనివ్వదు. వైద్యశాస్త్రం మాత్రం గత నాలుగు దశాబ్దాలుగా ఆ ప్రశ్నను పట్టుదలతో అడుగుతూ వచ్చింది. వృద్ధులు పడిపోవడం పిడుగుపాటు వంటిది కాదనీ, చాలా సందర్భాలలో దానికి ముందుగానే కనిపించే కారణాలు ఉంటాయనీ, వాటిలో కొన్నింటిని తొలగించవచ్చుననీ, మరికొన్నింటిని తగ్గించవచ్చుననీ తేల్చింది.

ఇది చిన్న సమస్య కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ప్రకటించిన అంచనా ప్రకారం ఏటా 6,84,000 మంది పడిపోవడం వల్ల ప్రాణాలు కోల్పోతున్నారు. అనుకోకుండా తగిలే గాయాల వల్ల సంభవించే మరణాలలో రోడ్డు ప్రమాదాల తరువాతి స్థానం దీనిదే. ఈ మరణాలలో 80 శాతానికి పైగా అల్పాదాయ, మధ్యాదాయ దేశాలలోనే జరుగుతున్నాయి. 65 సంవత్సరాలు దాటినవారిలో 28 నుంచి 35 శాతం మంది ప్రతి సంవత్సరం కనీసం ఒకసారి పడిపోతున్నారని ఆ సంస్థ అంతకుముందు వెలువరించిన మరొక నివేదిక తెలిపింది. 70 దాటితే ఆ సంఖ్య 32 నుంచి 42 శాతానికి చేరుతుంది. 2011 జనాభా లెక్కల నాటికే భారతదేశంలో 60 సంవత్సరాలు నిండినవారు సుమారు 10 కోట్ల 38 లక్షల మంది ఉన్నారు. వారిలో అత్యధికులు వృద్ధాశ్రమాలలో కాక సొంత ఇళ్లలోనే జీవిస్తున్నారు కాబట్టి, వారు పడిపోయేది కూడా ఎక్కువగా ఆ ఇళ్లలోనే. కొత్తచోట జాగ్రత్తగా అడుగువేసే మనిషి, నలభై ఏళ్లుగా తిరిగిన వంటింట్లో అంత జాగ్రత్త చూపడు.

పడినవారందరికీ పెద్ద గాయాలు కావు. కాని ఎముకలు గుల్లబారిన వయసులో తుంటి ఎముక విరగడానికి నిలుచున్న ఎత్తు నుంచి పక్కకు పడితే చాలు. మేడమీద నుంచి పడనక్కరలేదు. తుంటి విరిగిన వృద్ధులలో సుమారు ఐదింట ఒక వంతు మంది ఏడాది తిరగకుండానే మరణిస్తున్నారని అనేక దేశాల అనుభవం చెబుతున్నది. వారిని బలిగొనేది కేవలం విరిగిన ఎముక కాదు. నెలల తరబడి మంచం పట్టడం వల్ల వచ్చే న్యుమోనియా, కాలి నరాలలో గడ్డకట్టే రక్తం, వీపున పడే పుండ్లు, తిండి సహించకపోవడం, అంతకుముందే ఉన్న గుండెజబ్బు ముదరడం, ఇవన్నీ ఆ ఒక్క క్షణం వెంట వరుసకట్టి వస్తాయి. బతికి బయటపడినవారిలోనూ ఎందరో మునుపటివలె ఒంటరిగా వీధి చివరి వరకు నడిచి వెళ్లే స్థితికి తిరిగి రాలేరు.

ఈ ప్రమాదానికి కారణాలు తెలుసుకోవాలంటే ముందు నిలబడటం అనే పని ఎలా సాధ్యమవుతున్నదో తెలుసుకోవాలి. రెండు చిన్న పాదాల మీద పొడవైన శరీరాన్ని నిట్టనిలువుగా నిలపడం తేలికైన పని కాదు. ఏడాది నిండిన పసివాడు నిలబడటానికి పడే పాట్లను చూస్తే ఆ కష్టం కొంత అర్థమవుతుంది. శరీరం ఎటు ఒరుగుతున్నదో మెదడుకు క్షణక్షణం తెలియజేసే వార్తాహరులు మూడు. మొదటిది కన్ను, పరిసరాలతో పోల్చి శరీరం ఉన్న తీరును చెబుతుంది. రెండవది లోపలి చెవి; అందులోని అర్ధవర్తుల కుల్యలలో ఉండే ద్రవం తల కదలికను పసిగడుతుంది. మూడవది అరికాళ్లు, చీలమండలు, మోకాళ్లలోని నాడులు. నేల వాలును, గరుకును, కీలు వంగిన కోణాన్ని ఇవి తెలుపుతాయి. ఈ మూడింటి కబుర్లను మెదడు సరిపోల్చుకొని, కాళ్ల కండరాలకు, నడుము కండరాలకు ఆజ్ఞలు పంపుతుంది. కాలు తట్టుకొన్నప్పుడు పడకుండా మరొక అడుగు ముందుకు వేసి నిలదొక్కుకోవడమంటే ఈ వ్యవస్థ అంతా రెప్పపాటులో పనిచేయడమే.

వయసుతోపాటు ఈ గొలుసులోని ప్రతి కొక్కెమూ కొంత వదులవుతుంది. ముప్పై ఏళ్లు దాటిన తరువాత దశాబ్దానికి 3 నుంచి 8 శాతం వరకు కండరం తగ్గిపోతుందనీ, అరవై దాటాక ఆ తరుగుదల వేగం పుంజుకొంటుందనీ శరీరశాస్త్రం చెబుతున్నది. అయితే ఏదో ఒక్క అవయవం బలహీనపడినంత మాత్రాన మనిషి పడిపోడు. చూపు మందగిస్తే పాదాలు ఆదుకొంటాయి. పాదాలు తిమ్మిరెక్కితే కన్ను ఆదుకొంటుంది. ఆదుకొనేవన్నీ ఒకేసారి చేతులెత్తేసినప్పుడే అసలు చిక్కు వస్తుంది.

ఈ విషయాన్ని అంకెలతో నిరూపించినది ఒక అమెరికా అధ్యయనం. యేల్ విశ్వవిద్యాలయ వైద్యురాలు మేరీ టినెట్టి, ఆమె సహచరులు 75 సంవత్సరాలు, ఆపైబడిన 336 మందిని ఎన్నుకొని వారిని ఒక సంవత్సరంపాటు గమనించారు. వీరంతా సొంత ఇళ్లలో నివసిస్తున్నవారే. 1988లో ప్రచురితమైన ఆ ఫలితాల ప్రకారం 108 మంది, అంటే 32 శాతం, ఆ ఏడాదిలో కనీసం ఒకసారి పడిపోయారు. పడినవారిలో నాలుగో వంతు మందికి తీవ్రమైన గాయాలయ్యాయి. నిద్రమాత్రలు, మత్తు కలిగించే మందులు వాడటం, జ్ఞాపకశక్తి లేదా ఆలోచనాశక్తి తగ్గడం, కాళ్లలో బలహీనత, నడకలోను నిలకడలోను లోపం, పాదాల సమస్యలు అనేవి వారు గుర్తించిన ముఖ్య కారకాలు. ఈ కారకాలలో ఒక్కటి కూడా లేనివారిలో పడిపోయే అవకాశం 8 శాతం మాత్రమే. నాలుగు, అంతకు మించి ఉన్నవారిలో అది 78 శాతం. ఈ రెండు అంకెల నడుమ ఉన్న దూరమే ఈ శాస్త్రానికి పునాది అనవచ్చు. నాలుగు కారణాలున్న మనిషికి వయసును తగ్గించడం ఎవరికీ సాధ్యం కాదు. కాని ఆ నాలుగింటిని రెండు చేయడం సాధ్యమే.

ఇక ఆ కారణాలను మన ఇళ్లలోకి తెచ్చుకొని చూడాలి.

కంటి సంగతి అందరికీ తెలిసినట్టే ఉంటుంది గాని అందులో కొన్ని మెలికలున్నాయి. శుక్లం ముదిరిన కంటికి గడప అంచు, మెట్టు అంచు విడిగా కనబడవు. ఒకే రంగు బండ పరచిన మెట్లయితే చివరి మెట్టు ఏదో, నేల ఏదో తేడా తెలియదు. ఇంగ్లండులోని నాటింగ్‌హామ్ నగరంలో 70 దాటిన స్త్రీలమీద జరిపి 2005లో ప్రచురించిన ఒక పరిశోధనలో, మొదటి కంటికి శుక్లాల శస్త్రచికిత్స త్వరగా చేయించుకొన్నవారు, చేయించుకోక వేచి ఉన్నవారికంటే 34 శాతం తక్కువ సార్లు పడిపోయారు. మరి చూపు బాగుచేసిన ప్రతి సందర్భంలోనూ ఇదే ఫలితం వస్తుందా అంటే రాదు. ఆస్ట్రేలియాలో 616 మంది వృద్ధులలో సుమారు సగం మందికి కంటి పరీక్షలు చేయించి, అవసరమైనవారికి కొత్త కళ్లద్దాలు ఇప్పించగా, వారు మిగతావారికంటే ఎక్కువ సార్లు పడిపోయినట్లు 2007లో తేలింది. కొత్త అద్దాలలో నేల కొంచెం దగ్గరగానో, దూరంగానో కనబడుతుంది. దానికి అలవాటుపడే లోపలే పాత వేగంతో నడవడం ముప్పు తెచ్చిపెడుతుందని పరిశోధకులు భావించారు. పైభాగం దూరపు చూపుకు, కిందిభాగం చదువుకు ఉద్దేశించిన జోడు అద్దాలతో మెట్లు దిగడం కూడా ఇటువంటిదే. మెట్టును చూడటానికి కళ్లు కిందికి దించినప్పుడు చదువుకొనే అద్దంలోనుంచి చూడవలసి వచ్చి, మెట్టు అలికినట్లు కనబడుతుంది.

పాదాలది మరొక కథ. తెలుగునాట మధుమేహం లేని వీధి కనబడటం కష్టం. ఏళ్ల తరబడి అదుపులో లేని మధుమేహం అరికాళ్ల నాడులను దెబ్బతీస్తుంది. అటువంటివారు 'దూదిమీద నడుస్తున్నట్టున్నది' అని చెబుతారు. కాలి చెప్పు ఎప్పుడు జారిపోయిందో కూడా వారికి తెలియకపోవచ్చు. పగలు కన్ను తోడుండటం వల్ల ఈ లోపం బయటపడదు. దీపం ఆర్పిన తరువాత బయటపడుతుంది. ముఖం కడుక్కొంటూ కళ్లు మూసుకొన్నప్పుడు తూలడం కూడా దీని గుర్తే. అరిగిపోయిన రబ్బరు చెప్పులు, మడమ పట్టులేని చెప్పులు, నున్నని బండలమీద మేజోళ్లతో నడవడం ఈ లోపాన్ని రెట్టింపు చేస్తాయి. ముదిరిన ఆనెలు, లోపలికి పెరిగిన గోళ్లు చిన్న విషయాలుగా కనిపిస్తాయి గాని, నొప్పి తగలకుండా పాదం మోపాలని చూసేవాని నడక వంకరపోతుంది.

రాత్రి వేళలు ప్రత్యేకంగా చెప్పుకోదగినవి. పడుకొన్న మనిషి లేచి నిలబడగానే రక్తం కాళ్లలోకి దిగుతుంది. ఆరోగ్యవంతుల శరీరం వెంటనే రక్తనాళాలను బిగించి మెదడుకు రక్తం తగ్గకుండా చూస్తుంది. వృద్ధులలో ఈ సర్దుబాటు ఆలస్యమవుతుంది. నిలబడిన మూడు నిమిషాలలోపు రక్తపోటు పై అంకె 20 గాని, కింది అంకె 10 గాని, అంతకు మించి గాని పడిపోతే దానిని వైద్యులు ఒక లోపంగా పరిగణిస్తారు. కళ్లు బైర్లు కమ్మడం, గది తిరిగినట్లుండటం దాని లక్షణాలు. అర్ధరాత్రి మూత్రానికి లేచే వృద్ధుని తలచుకొంటే చాలు, ఎన్ని కారణాలు ఒకచోట చేరుతున్నాయో బోధపడుతుంది. నిద్రమత్తు, చీకటి, పడిపోయిన రక్తపోటు, ఆపుకోలేని తొందర, దారిలో తడినేల. పల్లెలలో మరుగుదొడ్డి పెరటి చివర ఉంటే దానికి తోడు రెండు మెట్లు, పాచిపట్టిన గచ్చు. ఎవరినీ నిద్రలేపడం ఇష్టంలేక దీపం వేయకుండా వెళ్లే పెద్దలు ఎందరో ఉన్నారు. మంచం అంచున కొద్దిసేపు కూర్చొని, పాదాలను పదిసార్లు పైకీ కిందికీ ఆడించి, ఆపైన లేచి, మంచం పట్టె పట్టుకొని కాసేపు నిలబడి అడుగువేయడం అనే చిన్న అలవాటు ఇక్కడ పెద్ద రక్షణ.

మందుల విషయంలో ఎంతో తెలివైన కుటుంబాలు కూడా పొరపాటు పడుతుంటాయి. రక్తపోటుకు ఒక వైద్యుడు, మోకాలి నొప్పికి మరొకరు, నిద్రపట్టడం లేదంటే ఇంకొకరు రాసిన మాత్రలు ఒకే డబ్బాలో చేరుతాయి. నాలుగు, అంతకు మించి మందులు వాడేవారిలో పడిపోయే ముప్పు ఎక్కువని వైద్యులు హెచ్చరిస్తారు. వీటిలో ప్రమాదకరమైనవి నిద్రమాత్రలు, ఆందోళన తగ్గించే మాత్రలు. రాత్రి వేసుకొన్న మాత్ర మత్తు తెల్లవారి పది గంటల వరకు కూడా పూర్తిగా వదలకపోవచ్చు. వయసు మళ్లినవారి మూత్రపిండాలు, కాలేయం దానిని నెమ్మదిగా బయటికి పంపుతాయి. న్యూజిలాండ్‌లో 1999లో వెలువడిన ఒక పరిశోధనలో ఇటువంటి మందులను క్రమక్రమంగా తగ్గించి మాన్పించగా పడిపోవడం 66 శాతం తగ్గింది. అయితే పరిశోధన ముగిసిన నెలలోపే మానినవారిలో చాలామంది ఆ మాత్రలను మళ్లీ మొదలుపెట్టారు. అలవాటు బలం అటువంటిది. మాత్రను ఒక్కసారిగా మానివేయడం మరింత ప్రమాదం. మానడమైనా, తగ్గించడమైనా వైద్యుని ద్వారానే జరగాలి. ఇంటివారు చేయవలసింది డబ్బాలోని మందులన్నింటినీ ఒక సంచిలో వేసి, ఆయుర్వేదం, హోమియో మందులతో సహా, ఒకే వైద్యుని బల్లమీద పెట్టి చూపించడం.

మనసుకు, నడకకు సంబంధమున్నదంటే కొందరికి వింతగా తోచవచ్చు. స్వీడన్‌లో 58 మంది వృద్ధులతో నడుస్తూ మాట్లాడించి చూశారు. మాట్లాడటం మొదలుపెట్టగానే 12 మంది నడక ఆపివేశారు. తరువాతి ఆరు నెలలలో ఆ 12 మందిలో 10 మంది పడిపోయారు. 1997లో ప్రచురితమైన ఈ పరిశీలన ఎంత సులభమైనదో అంత లోతైనది. మాటకు జవాబు చెప్పడానికి ఆగవలసి వస్తున్నదంటే, నడవడానికే ఆ మనిషి ధ్యాస అంతా ఖర్చవుతున్నదన్నమాట. ఇటువంటివారు మెట్లు దిగుతున్నప్పుడు వెనుకనుంచి పిలవడం, గడప దాటుతుండగా 'తాళం వేశావా?' అని అడగడం మంచిది కాదు. 'వెనుకనుంచి పిలవకూడదు' అన్న పెద్దల ఆచారానికి వేరే అర్థమేదో ఉండవచ్చు గాని, ఇక్కడ మాత్రం అది చక్కగా సరిపోతుంది.

ఇక ఇల్లు. టినెట్టి అధ్యయనంలో 44 శాతం పడిపోవడాలు పరిసరాలలో ఏదో ఒక ప్రతిబంధకం ఉన్నచోట జరిగాయి. తెలుగువారి ఇల్లు ఎన్నో అందాలున్నది. వృద్ధుల కాళ్ల దృష్టితో చూస్తే కొన్ని ఉచ్చులూ ఉన్నది. ఎత్తయిన గడప వాటిలో మొదటిది. పండుగకు పసుపు రాసి బొట్లు పెట్టినప్పుడు గడప స్పష్టంగా కనబడుతుంది. రంగు వెలిసిన తరువాత నేలలో కలిసిపోతుంది. పూర్వపు నాపరాళ్ల, షాబాదు బండల నేల కొంత గరుకుగా ఉండేది. ఇప్పటి నున్నని టైల్సు, గ్రానైటు మీద నాలుగు చుక్కల నీరు పడితే కంటికి కూడా కనబడదు. కొత్త ఇంటి మెరుపును చూసి మురిసిపోయే పిల్లలు, ఆ మెరుపే తల్లికి శత్రువని గ్రహించరు. స్నానాలగదిలో సబ్బునురగ, తలంటుకొన్న నాటి నూనె, కుంకుడుకాయ పులుసు. తెల్లవారుజామున కల్లాపి చల్లిన వాకిలి. తులసికోట చుట్టూ నీరు నిలిచి పట్టిన పాచి. ద్వారం ముందర మడతపడిన కాలిపట్టా. దారికడ్డంగా ఫ్రిజ్ వైరు. కుక్కిమంచంలో నడుము లోతుకు దిగి కూర్చొన్న వృద్ధురాలు లేవడానికి మూడుసార్లు ఊగి, ఆ ఊపులోనే ముందుకు తూలుతుంది. అటకమీది ఇత్తడి గిన్నె కోసం ముక్కాలిపీట ఎక్కడం డెబ్బయ్యేళ్ల వయసులో కూడా చాలామంది మానరు. నేలమీద రాలే చీర కుచ్చిళ్లు, వదులైన పంచె అంచు కూడా కాలికి చుట్టుకొనేవే.

చీర మానమనడం, ముగ్గు వేయవద్దనడం పరిష్కారం కాదు. అది మనిషిని ఆమె జీవితం నుంచి తొలగించడమవుతుంది. కుచ్చిళ్లను రెండంగుళాలు పైకి కట్టడం, వాకిలి ఆరిన తరువాత నడవడం, మంచం నవారు బిగించడం, స్నానాలగదిలో గోడకు గట్టి ఇనుపకడ్డీ బిగించి, గరుకు చాప పరచి, కూర్చొని స్నానం చేయడానికి ఒక బరువైన పీట వేయడం, పడకగది నుంచి మరుగుదొడ్డి వరకు రాత్రంతా వెలిగే చిన్న దీపం పెట్టడం, ఇవన్నీ కొద్దిపాటి ఖర్చుతో అయ్యే పనులు. బట్టలు ఆరవేసే కడ్డీని మాత్రం ఆసరాగా నమ్మరాదు. అది తువ్వాలు బరువుకు బిగించినది. మనిషి బరువు పడితే గోడనుంచి ఊడి వస్తుంది. ఇటువంటి మార్పులపై వచ్చిన పరిశోధనలన్నింటినీ కలిపి 2023లో సమీక్షించినప్పుడు పడిపోవడం మొత్తంమీద 26 శాతం, అప్పటికే ముప్పు ఎక్కువగా ఉన్నవారిలో 38 శాతం తగ్గినట్లు తేలింది. ముప్పు లేనివారిలో చెప్పుకోదగిన మేలు కనబడలేదు. కాబట్టి ఇల్లంతా ఒకేసారి పగలగొట్టి కట్టనవసరం లేదు. ఇంట్లో ఎవరికి ముప్పున్నదో చూసి వారు తిరిగే దారిని బాగుచేస్తే చాలు.

ఆ ముప్పు తెలుసుకోవడమే ఒక చిక్కు. పెద్దలు తాము పడినట్లు చెప్పరు. మోచేతి మీద కమిలిన గుర్తు చూసి కోడలు అడిగితే 'ఏమీ లేదమ్మా, తలుపు తగిలింది' అంటారు. చెబితే వంటింట్లోకి రానివ్వరనీ, గుడికి ఒంటరిగా పోనివ్వరనీ, ఊళ్లోని ఇల్లు తాళం వేయించి హైదరాబాదుకో, అమెరికాకో తీసుకొనిపోతారనీ వారి భయం. ఆ భయం అకారణమైనది కాదు. పడిపోయిన మనిషిని చూసి ఇంటివారు మొదట అనే మాట 'ఇక కూర్చో, కదలకు' అనే కదా! ప్రేమతో అన్న ఆ మాటే కీడు చేస్తుంది. కదలని కాలు కొద్దివారాలలోనే బలం కోల్పోతుంది. బలం కోల్పోయిన కాలు తూలుతుంది. తూలిన మనిషి మరింత భయపడి మరింత తక్కువ నడుస్తాడు. ఒక్కసారి కూడా పడనివారిలోనూ ఈ భయం ఉండటాన్ని వైద్యులు గుర్తించారు. గోడలు, కుర్చీలు పట్టుకొని, చూపు నేలకు అతికించి, చిన్న చిన్న అడుగులతో నడిచే తీరు ఆ భయానికి బయటి రూపం.

దీనికి విరుగుడు కదలికే. న్యూజిలాండ్‌లోని డునెడిన్ నగరంలో 80 సంవత్సరాలు దాటిన స్త్రీలకు ఫిజియోథెరపిస్టు ఇంటికే నాలుగు మార్లు వచ్చి కాళ్ల బలానికి, నిలకడకు సంబంధించిన వ్యాయామాలు నేర్పించారు. 1997లో వచ్చిన ఫలితాలు ఎనభై దాటిన తరువాత కూడా కండరం శిక్షణకు లొంగుతుందని చాటాయి. వంద పైచిలుకు పరిశోధనలను కలిపి 2019లో చేసిన సమీక్ష, వ్యాయామం వల్ల పడిపోవడం సుమారు 23 శాతం తగ్గుతుందని తెలిపింది. ఇక్కడ వ్యాయామమంటే ఉదయపు నడక మాత్రమే కాదు. వంటింటి గట్టు పట్టుకొని మడమలు లేపి నిలబడటం, ఒక పాదం ముందు మరొక పాదం ఆనించి నిలవడం, చేతుల సాయం లేకుండా కుర్చీలోనుంచి లేచి కూర్చోవడం, పక్కకు అడుగులు వేయడం వంటివి ఇందులో ముఖ్యం. నేలమీద బాసిపట్టు వేసి భోజనం చేసే అలవాటు వదలనివారి కాళ్లకు తెలియకుండానే కొంత సాధన జరుగుతుండేది. భోజనాల బల్లలు వచ్చిన తరువాత ఆ సాధనను వేరే చేయవలసి వస్తున్నది. టినెట్టి బృందం 1994లో వ్యాయామం, మందుల సవరణ, అలవాట్ల మార్పు అన్నీ కలిపి అమలుచేసినప్పుడు ఏడాదిలో 35 శాతం మంది మాత్రమే పడిపోగా, అవేవీ పొందనివారిలో 47 శాతం మంది పడిపోయారు. పూర్తిగా ఆపలేకపోయిన మాట నిజమే. పన్నెండు శాతం తేడా మాత్రం చిన్నది కాదు.

చేతికర్ర గురించి ఒక మాట. చాలా ఇళ్లలో తాతగారి కర్ర ఆయన తండ్రిది. ఎత్తు సరిపోని కర్ర ఆసరా కాకపోగా భారమవుతుంది. చేయి వేలాడదీసినప్పుడు మణికట్టు మడత ఎక్కడికి వస్తుందో కర్ర పిడి అక్కడికి రావాలి. బలహీనమైన కాలికి ఎదుటివైపు చేతితో దానిని పట్టుకోవాలి. అడుగున ఉన్న రబ్బరు అరిగిపోతే మార్చాలి.

ముప్పును అంచనా వేసే ఒక పరీక్షకు గడియారం, కుర్చీ తప్ప మరే సాధనమూ అక్కరలేదు. 1991లో రూపొందిన ఈ పరీక్షను జూనియర్ కళాశాల విద్యార్థి తన ఇంట్లోనే అమ్మమ్మతోనో, తాతయ్యతోనో చేయించవచ్చు. చేతులున్న కుర్చీలో కూర్చొన్న వ్యక్తి లేచి, మూడు మీటర్లు మామూలు వేగంతో నడిచి, వెనుదిరిగి వచ్చి మళ్లీ కూర్చోవాలి. రోజూ వాడే చెప్పులు, కర్ర వాడవచ్చు. పక్కన ఒకరు పట్టుకోవడానికి సిద్ధంగా ఉండాలి. దీనికి 12 సెకన్లు, అంతకు మించి పడితే ముప్పున్నట్లు అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రాలు పరిగణిస్తాయి. అంకెకంటే చూడవలసినవి మరికొన్ని ఉన్నాయి. లేవడానికి ఎన్నిసార్లు ప్రయత్నించారు, తిరిగేటప్పుడు ఎన్ని అడుగులు వేశారు, కూర్చొనేటప్పుడు మెల్లగా దిగారా లేక కూలబడ్డారా అన్నవి గమనించి వైద్యునికి చెబితే, ఆయనకు సగం పని తగ్గుతుంది. వీటితోపాటు 'ఈ ఏడాదిలో ఎప్పుడైనా పడ్డారా?' అని తప్పుపట్టని గొంతుతో అడగాలి. ఒకసారి పడినవారు మళ్లీ పడే అవకాశం పడనివారికంటే ఎక్కువ కాబట్టి ఈ ఒక్క ప్రశ్నకు వచ్చే జవాబు విలువైనది.

ఎన్ని చేసినా కొందరు పడతారు. అప్పుడేమి చేయాలన్నది కూడా ముందే నేర్చుకోవలసిన విద్య. పడినవారిని చూడగానే చంకల కింద చేతులువేసి పైకి లాగడం సహజంగా అందరూ చేసే పని. అది తగదు. తొడ మొదట్లో తీవ్రమైన నొప్పి ఉండి, కాలు పొట్టిగా, బయటివైపు తిరిగి కనబడితే తుంటి విరిగి ఉండవచ్చు. తలకు దెబ్బ తగిలినా, మాట తడబడినా, రక్తం పలుచబడటానికి మందులు వాడుతున్నా ఆలస్యం చేయరాదు. అటువంటప్పుడు కదిలించకుండా దుప్పటి కప్పి 108కి ఫోన్ చేయాలి. ఈ అంబులెన్సు సేవ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2005లో మొదలైనది. గాయమేదీ లేకపోతే పడినవారే నెమ్మదిగా లేవవచ్చు. ముందు పక్కకు ఒత్తిగిలాలి. మోచేతిమీద ఆని, చేతులు, మోకాళ్లమీదికి రావాలి. దగ్గరలో ఉన్న మంచం దాకానో, బరువైన కుర్చీ దాకానో పాకాలి. దానిమీద రెండు చేతులూ ఆన్చి, బలమైన కాలి పాదాన్ని ముందుకు తెచ్చి నేలకు మోపి, లేచి, తిరిగి కూర్చోవాలి. ఇంటివారు కుర్చీ తెచ్చి దగ్గర పెడితే చాలు.

ఒంటరిగా ఉన్నవారి పరిస్థితి వేరు. పిల్లలు దూరదేశాలలో ఉండి, దంపతులలో ఒకరు గతించి, మిగిలినవారు ఒక్కరే ఉంటున్న ఇళ్లు గోదావరి జిల్లాల పల్లెలలోను, హైదరాబాదు అపార్టుమెంటులలోను ఎన్నో ఉన్నాయి. పడిన తరువాత లేవలేక గంటల తరబడి నేలమీద ఉండిపోవడం వారికి పడటాన్ని మించిన ఆపద. చలి, దాహం, కండరాలు నలిగి మూత్రపిండాలు దెబ్బతినడం దాని ఫలితాలు. ఇంగ్లండులోని కేంబ్రిడ్జిలో తొంభై దాటిన వృద్ధులను ఒక ఏడాదిపాటు గమనించగా, పడినవారిలో 80 శాతం మంది కనీసం ఒకసారి తమంతట తాము లేవలేకపోయారనీ, 30 శాతం మంది గంట, అంతకు మించి నేలమీదనే ఉండిపోయారనీ 2008లో వెల్లడైంది. సాయం కోరే మీట ఇంట్లో ఉండి కూడా చాలామంది దానిని నొక్కలేదు. కొందరు దానిని ఒంటిమీద ధరించలేదు, కొందరికి ఇతరులను శ్రమపెట్టడం ఇష్టంలేదు.

వృద్ధుల కోసం 14567 అనే సహాయవాణి ఉన్నది. 2017లో హైదరాబాదులో మొదలైన ఒక ప్రయత్నం నుంచి ఎదిగి, 2021లో దేశవ్యాప్తమైన సేవ అది. అత్యవసర చికిత్సకు మాత్రం 108నే పిలవాలి. అయితే ఏ సంఖ్యకైనా ఫోన్ చేతిలో ఉంటేనే ప్రయోజనం. బల్లమీద ఛార్జింగుకు పెట్టిన ఫోన్ నేలమీద ఉన్న మనిషికి అందదు. మెడలో చిన్న సంచిలో ఫోన్, అందులో ఒక్క మీట నొక్కితే మోగే పొరుగువారి సంఖ్య; పొరుగింట్లో మారుతాళం; ఉదయం పాలప్యాకెట్టు ఎనిమిది గంటలకు కూడా గుమ్మంలోనే ఉంటే తలుపు తట్టవలసిందని పాలవానితో ముందుగా అనుకొన్న మాట; మంచం కింద, పడుకొని చేయి చాపితే అందేచోట ఒక మంచినీళ్ల సీసా, నేలమీద కొట్టి చప్పుడు చేయడానికి ఒక స్టీలు గ్లాసు.